ఐదో ఎత్తు

మల్లాపూర్, నాచారం, ఉప్పల్ కాలనీల పిల్లలకు చెస్‌లో ఉచ్చులు ఇట్టే వచ్చేస్తున్నాయి. బల్లను చూడడం రావడానికే టైం పడుతోంది. ఆ చూపు ఎలా వస్తుంది? ఈ వారం ముఖచిత్ర కథనం.

ఎనిమిదేళ్ల పిల్లల ముందు చదరంగం బల్ల పెట్టి చూడండి. తెల్లపావులు దక్కిన పిల్లవాడు రాజు ముందున్న బంటును రెండు గళ్లు నడుపుతాడు. రెండో ఎత్తుకు శకటు సీ4కి వస్తుంది. మూడో ఎత్తుకు మంత్రి హెచ్5లో దిగుతుంది. ఎదురుగా కూర్చున్న పిల్ల ఆ మంత్రిని బెదరగొడదామని గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చిందా, అంతే. నాలుగో ఎత్తుకు మంత్రి ఎఫ్7లో ఉన్న బంటును కొట్టి రాజు పక్కనే తిష్ఠ వేస్తుంది. దాని వెనక సీ4 నుంచి శకటు కాపు కాస్తోంది కాబట్టి రాజు దాన్ని ముట్టుకోలేడు. ఆటకట్టు.

ఈ నాలుగు ఎత్తుల ఉచ్చుకు స్కాలర్స్ మేట్ అని పేరు. చెస్ మొదలుపెట్టిన మొదటి నెలలోనే పిల్లలు దీన్ని పట్టేస్తారు. అన్న దగ్గరో, పక్కఫ్లాట్ స్నేహితుడి దగ్గరో, ఫోన్‌లో వీడియో చూసో. రెండుమూడు ఆటలు దీనితో గెలిచాక ఇంట్లో ఆనందానికి హద్దుండదు. ఆ ఆనందం న్యాయమైనదే. చిక్కు ఐదో ఎత్తు దగ్గర మొదలవుతుంది. ఎదుటివాళ్లు ఉచ్చులో పడకపోతే, ఐదో ఎత్తు ఏం వేయాలో పిల్లవాడికి ఎవరూ చెప్పి ఉండరు.

ఉప్పల్ అనగానే రాష్ట్రమంతటికీ గుర్తొచ్చేది క్రికెట్ స్టేడియం. కానీ క్రికెట్‌కు మైదానం కావాలి. ఇటు నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు, అటు ఎన్‌ఎఫ్‌సీ, ఈసీఐఎల్. వీటి మధ్య షిఫ్టు డ్యూటీల మీద పెరిగిన కాలనీలివి. ఖాళీ జాగాలు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయ్యాయి. మైదానం కరువైన చోట చుట్టచుట్టి సంచిలో పెట్టుకునే బోర్డు, రెండు రంగుల ప్లాస్టిక్ పావులు పెద్ద వరం. ఒక గది, ఒక టేబుల్ ఉంటే చాలు, పిల్లలు రెండు గంటలు కదలరు. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న, హోంవర్క్ ముగించిన కూతురు ఒక బల్లకు అటూ ఇటూ కూర్చోగలిగిన ఆట ఇది. అందుకే ఇక్కడ దీన్ని బాగా నేర్పాలని నా కోరిక.

ఎఫ్7లో ఏముంది?

స్కాలర్స్ మేట్‌ను కోచ్‌లు కొందరు చిన్నచూపు చూస్తారు. అసలు నేర్పొద్దంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. నేర్పాలి, కానీ ఎత్తుల వరస చెప్పి వదిలేయకూడదు. ఆట మొదట్లో నల్లరాజు చుట్టూ ఉన్న బంట్లను ఒక్కొక్కటే చూపించి, దీన్ని ఎవరు కాస్తున్నారని పిల్లల్ని అడగాలి. డీ7కి నలుగురు కాపు. ఈ7కూ నలుగురే. హెచ్7కు ఏనుగుంది, జీ7కు శకటుంది. ఎఫ్7 దగ్గరికి వచ్చేసరికి రాజు ఒక్కడే. ఇది తెలిశాక స్కాలర్స్ మేటే కాదు, గుర్రం జీ5కి దూకి చేసే దాడులన్నీ అదే గడి చుట్టూ ఎందుకు తిరుగుతాయో పిల్లలు తమంతట తామే పట్టుకుంటారు.

విరుగుడు కూడా అప్పుడే చెప్పాలి. మంత్రి హెచ్5కి రాగానే నల్లబంటు జీ6కి జరిగితే మంత్రి ఎఫ్3కి తగ్గి మళ్లీ ఎఫ్7నే గురిపెడుతుంది. అప్పుడు గుర్రం ఎఫ్6కి వస్తే దారి మూసుకుపోతుంది. ఇప్పుడు బల్లను చూడండి. ముందే సీ6కి వచ్చిన గుర్రంతో కలిపి నలుపు గుర్రాలు రెండూ బయటికొచ్చాయి. తెలుపు మంత్రి మాత్రం తన గుర్రం రావలసిన ఎఫ్3 గడిలో కూర్చుని దారికి అడ్డం పడింది. ఉచ్చు పన్నినవాడే వెనకబడ్డాడు.

ఫోన్‌లో బాగా చెల్లుబాటయ్యే మరో ఉచ్చు ఉంది, బ్లాక్‌బర్న్ షిల్లింగ్ అంటారు. మూడో ఎత్తుకే నల్లగుర్రం సీ6 నుంచి డీ4కి దూకి, ఈ5 బంటును ఎరగా వదులుతుంది. ఆశపడి తెల్లగుర్రం దాన్ని కొడితే నల్లమంత్రి జీ5కి వచ్చి ఊడ్చేస్తుంది. ఆశపడకుండా గుర్రంతో గుర్రాన్ని కొట్టి, రాజును కోటలో పెట్టుకున్నవాడి ముందు ఆ ఉచ్చుకు విలువ లేదు. నలుపుకు మిగిలేది పోయిన కాలం, ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్న డీ బంట్లు.

మంచి ఉచ్చుకూ చెడ్డ ఉచ్చుకూ నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే: ఎదుటివాడు పసిగట్టినా మన ఆట చెడకూడదు. స్కాలర్స్ మేట్, షిల్లింగ్ ఈ కొలతకు నిలవవు.

లెగాల్ గుర్రం

నిలిచేదాని కోసం పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌కు వెళ్లాలి. అక్కడి కఫే ద లా రెజాన్స్ ఆ రోజుల్లో చదరంగానికి పెద్ద బడి. అందులో లెగాల్ అనే పెద్దమనిషి ఆడేవాడు. ఆ శతాబ్దపు మేటి ఆటగాడు ఫిలిదోర్‌కు గురువు ఆయన. లెగాల్ పేరు ఇవాళ్టికీ నిలిచింది ఒక్క గుర్రపు దూకు వల్ల.

బల్ల దగ్గరుంటే పావులు కదుపుతూ చదవండి. రెండువైపులా రాజు బంట్లు ఈ4, ఈ5. తెల్లగుర్రం ఎఫ్3కి, నల్లబంటు డీ6కి. తెల్లశకటు సీ4కి, నల్లశకటు జీ4కి. ఆ నల్లశకటు ఎఫ్3 గుర్రాన్ని వెనకున్న మంత్రికి కట్టేసింది. కోచింగ్‌లో పిన్ అంటారే, అది. గుర్రం కదిలితే మంత్రి పోతుంది. తెలుపు రెండో గుర్రాన్ని సీ3కి తెస్తుంది. నలుపు తీరిగ్గా బంటును జీ6కి జరుపుతుంది.

ఐదో ఎత్తు. కట్టేసి ఉన్న గుర్రమే లేచి ఈ5 బంటును కొడుతుంది!

నలుపు మంత్రిని మింగేస్తే, తెల్లశకటు ఎఫ్7ను కొట్టి చెక్ చెబుతుంది. రాజుకు ఈ7 తప్ప చోటు లేదు. సీ3 గుర్రం డీ5కి దూకగానే ఆట ముగుస్తుంది. మంత్రి లేకుండానే రెండు గుర్రాలు, ఒక శకటు కలిసి రాజును పట్టేశాయి. నలుపు తెలివి తెచ్చుకుని మంత్రి జోలికి పోకుండా డీ6 బంటుతో గుర్రాన్ని కొట్టినా, తెల్లమంత్రి జీ4లో ఉన్న శకటును కొట్టుకుని ఒక బంటు మిగుల్చుకుంటుంది. ఎదుటివాడు పసిగట్టినా ఆట చెడలేదు.

ఇప్పుడు ఒక్క మార్పు. నలుపు జీ6 బంటు జరపకుండా గుర్రాన్ని సీ6కి తెచ్చిందనుకోండి. అదే బల్ల, అవే పావులు. తెలుపు కంఠతా పట్టిన ధైర్యంతో అదే ఐదో ఎత్తు వేస్తే ఏమవుతుంది? సీ6 గుర్రం వచ్చి ఈ5లో ఉన్న గుర్రాన్ని కొడుతుంది. అలా కొట్టడంతోనే జీ4 శకటుకు కాపు దొరికింది, సీ4 తెల్లశకటుకు బెదిరింపూ వచ్చింది. తెలుపు గుర్రం పోయింది, బదులుగా దక్కింది ఒక బంటు. చిత్రమేమిటంటే, లెగాల్ ఆడిన అసలు ఆటగా పుస్తకాల్లో కనిపించే దానిలో ఆ గుర్రం సీ6లోనే ఉంది. ఎదుటివాడు ఆశపడి మంత్రిని మింగాడు కాబట్టి ఆయన బతికిపోయాడు.

ఉచ్చును ఎత్తుల వరసగా బట్టీ పట్టినవాడికి ఈ తేడా కనిపించదు. ఈ5ను ఎవరు కాస్తున్నారని అడిగే అలవాటున్న పిల్లకు అర క్షణంలో కనిపిస్తుంది. టాక్టిక్స్ అంటే ఆ అడగడమే.

అదే పిల్లకు తర్వాత ఎలిఫెంట్ ట్రాప్ ఎవరూ నేర్పనక్కర్లేదు. మంత్రి బంటు ఆటలో తెల్లశకటు జీ5కి వచ్చి నల్లగుర్రాన్ని మంత్రికి కడుతుంది. నలుపు రెండో గుర్రాన్ని డీ7కి తెచ్చి మామూలుగా సర్దుకుంటుంది. గుర్రం కట్టేసి ఉంది కదా అన్న ధీమాతో తెలుపు డీ5 బంటును గుర్రంతో కొడితే, కట్టేసిన నల్లగుర్రం లేచి ఆ గుర్రాన్ని కొట్టేస్తుంది. తెల్లశకటు మంత్రిని తీసుకోగానే నల్లశకటు బీ4 నుంచి చెక్. అడ్డు పెట్టడానికి తెలుపుకు మంత్రి తప్ప గతి లేదు. మంత్రులు రెండూ పోయాక లెక్క చూస్తే నలుపుకు ఒక పావు ఎక్కువ. పారిస్‌లో లెగాల్ చేసిన పనే ఇది, రంగులు మారాయంతే. పైగా గుర్రాన్ని డీ7కి తేవడం ఎలాగూ మంచి ఎత్తే. తెలుపు ఆశపడకపోతే నలుపు కోల్పోయేదేమీ లేదు.

ఆనంద్ నేర్చుకున్న పాఠం

పసిపిల్లలే ఇలా పడతారనుకుంటే పొరపాటు. 1988లో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో కొలంబియా ఆటగాడు అలోన్సో జపాటా ముందు విశ్వనాథన్ ఆనంద్ కూర్చున్నాడు. అప్పటికే ఆనంద్ ప్రపంచ జూనియర్ ఛాంపియన్. పెట్రాఫ్ రక్షణలో అతని గుర్రం ఈ4లో ఉంది. ఐదో ఎత్తుకు శకటును ఎఫ్5కి తెచ్చాడు. జపాటా మంత్రిని ఈ2కి జరిపాడు. ఆనంద్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆరు ఎత్తుల ఆట!

ఈ4 గుర్రం కదిలితే వెనక రాజు బయటపడతాడు. డీ5 బంటుతో కాపు పెడితే తెల్లబంటు డీ3కి వచ్చి గుర్రాన్ని పట్టేస్తుంది. మంత్రిని అడ్డం తెస్తే సీ3 గుర్రం డీ5కి దూకి ఆ మంత్రినే తరుముతుంది. ఏం చేసినా ఒక పావు పోతుంది. ఆనంద్ అంతటివాడు ఆ ఎత్తు ఎందుకు వేశాడు? అంతకు ముందు ఏడాది మైల్స్, క్రిస్టియన్‌సెన్ అనే ఇద్దరు గ్రాండ్‌మాస్టర్ల మధ్య జరిగిన ఆటలో అదే ఎత్తు పడింది. ఆ రోజు మైల్స్ మంత్రిని ఈ2కి జరపలేదు, ఆట డ్రా అయింది. అచ్చులో వచ్చిన ఎత్తు కదా అని నమ్మితే ఎంతటివాడికైనా ఇదే గతి. ఆ ఆనందే 2002 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లో ప్రపంచ చెస్ సమాఖ్య (ఫిడే) ప్రపంచకప్ గెలిచి వెళ్లాడు.

మన పాత ఆట

తెలుగు నేలకు చదరంగం కొత్తది కాదు. బొడ్డుచర్ల తిమ్మన చదరంగంలో శ్రీకృష్ణదేవరాయల్నే ఓడించి కొప్పోలు గ్రామాన్ని అగ్రహారంగా పొందాడని మన చాటు కథ. ఆ కాలపు దేశీ ఆటలో బంటుకు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే నడక. పావులు నిదానంగా బయటికొస్తాయి, సేనలు ఎదురుపడడానికే చాలా ఎత్తులు పడతాయి. నాలుగు ఎత్తుల్లో ముగించే ఉచ్చులకు ఆ ఆటలో తావు లేదు. బంటు రెండు గళ్లు నడిచి, మంత్రి బల్లంతా తిరగడం మొదలయ్యాకే ఓపెనింగ్ ఉచ్చులు పుట్టాయి. మన తాతల ఆట నిదానాన్ని నియమంగానే పెట్టింది. ఇవాళ్టి పిల్లలు ఆ నిదానాన్ని అలవాటుగా తెచ్చుకోవాలి.

తండ్రులు, కూతుళ్లు

నేర్పే పద్ధతి గురించి మాట్లాడితే కోనేరు హంపి ఇంటి ముచ్చట చెప్పకుండా కుదరదు. కెమిస్ట్రీ అధ్యాపకుడైన తండ్రి కోనేరు అశోక్ ఉద్యోగం వదిలేసి కూతురికి కోచ్ అయ్యారు. 2002లో పదిహేనేళ్ల ఒక నెల 27 రోజుల వయసులో హంపి గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటిదాకా మహిళల్లో ఆ చిన్న వయసు రికార్డు హంగరీకి చెందిన జూడిత్ పోల్గార్‌ది. ఆమెకూ గురువు తండ్రే. ఆ తండ్రి లాస్లో పోల్గార్ కూర్చిన పుస్తకంలో లెక్కలు, ఆటలు కలిపి 5334 ఉన్నాయి. మొదటి 306 ఒక్క ఎత్తులో ఆట కట్టించేవి. ఆ తర్వాత వేలకొద్దీ రెండు ఎత్తుల్లో కట్టించేవి. పిల్లలకు ఏది ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు నేను చూడలేదు. హంపి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. తల్లి అయ్యాక కూడా, నిమిషాలు కరిగిపోయే ఆటలో ఆ చూపు చెక్కుచెదరలేదు.

గుంటూరు నుంచి పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక వచ్చారు. హన్మకొండ నుంచి వచ్చిన అర్జున్ ఇరిగేశి 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చాడు. ఆ డిసెంబర్ ఫిడే జాబితాలో 2800 రేటింగ్ దాటాడు. భారత్ నుంచి ఆనంద్ తర్వాత అతనే.

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబపు పిల్లవాడు గుకేశ్ కథలో మన కాలనీల తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరేదాకా అతని కోచ్ విష్ణు ప్రసన్న కంప్యూటర్ ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు. ఏ ఎత్తు మంచిదో యంత్రం చెప్పేస్తే పిల్లవాడు వెతకడం మానేస్తాడని ఆయన భయం. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి ఆట డ్రా వైపు సాగుతోంది. 55వ ఎత్తుకు డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. అతని శకటు ఏ8 మూలన ఉంది. ఏనుగులు మారాక గుకేశ్ తన శకటును డీ5కి తెస్తే, మూలనున్న శకటు తప్పించుకోలేదు, మార్చుకోక తప్పదు. మిగిలేది రాజులు, బంట్లు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. గంటల తరబడి ఆడి అలసిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ మూలను చూశాడు, విశ్వవిజేత అయ్యాడు. అతనికి ఓపెనింగ్‌లు సిద్ధం చేసిన బృందంలో మన హరికృష్ణ ఉన్నాడు. అంత సన్నద్ధత ఉన్నా, కిరీటాన్ని తేల్చింది ఒక మూలనున్న శకటు.

చూపు ఎలా వస్తుంది?

1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. నిజంగా జరిగిన ఆటలోంచి తీసిన బల్లను ఐదు సెకన్లు చూపించి, గుర్తున్నట్టు పేర్చమన్నారు. మాస్టర్ చాలా పావుల్ని సరిగ్గా పెట్టాడు, కొత్తవాడు నాలుగైదు పెట్టగలిగాడు. తర్వాత పావుల్ని ఎడాపెడా చల్లి చూపిస్తే మాస్టర్‌కూ కొత్తవాడికీ తేడా దాదాపు లేకుండా పోయింది. మాస్టర్‌కున్నది మామూలు జ్ఞాపకశక్తి కాదన్నమాట. పావుల మధ్య బంధాలు అతనికి ముద్దలు ముద్దలుగా కనిపిస్తాయి. కట్టేసిన గుర్రం, కాపు లేని శకటు, వెనక వరసలో ఊపిరాడని రాజు. ఇవి వేలసార్లు చూసినవాడికి అక్షరాలు కూడబలుక్కోకుండా మాట చదివినట్టు కనిపిస్తాయి.

అందుకే రోజూ కాసేపు లెక్కలు చేయాలి. ఫోన్ మీద కంటే పుస్తకం ముందు, పావులు ముట్టకుండా, జవాబు కాగితం మీద రాసి. ఉచితంగా లక్షల లెక్కలిచ్చే లిచెస్ లాంటివి చేతిలో ఉన్నాయి, నిజమే. కానీ తప్పు ఎత్తు వేసినా మరుక్షణం ఇంకోటి వేయొచ్చన్న ధీమా పిల్లల్ని గుడ్డిగా కొట్టే అలవాటుకు తోస్తుంది. వడ్రంగిపిట్ట పద్ధతి అని ఒకటుంది. స్వీడన్ ఆటగాళ్లు ఆక్సెల్ స్మిత్, హాన్స్ టిక్కనెన్ దాన్ని 2018లో పుస్తకంగా తెచ్చారు. ఒకే కట్ట లెక్కల్ని మళ్లీ మళ్లీ, ప్రతిసారీ అంతకంటే తక్కువ కాలంలో చేయడం. కొత్త ఉచ్చుల వీడియోలు రోజుకొకటి చూసే బదులు ఇది పది రెట్లు మేలని నా నమ్మకం.

లెక్కల పుస్తకంలోనూ ఒక లోటుంది. అక్కడ జవాబు ఉందని ముందే తెలుసు. ఆటలో ఎవరూ భుజం తట్టి ‘ఇక్కడ ఏదో ఉంది, చూడు’ అని చెప్పరు. కాబట్టి మంచి కోచ్ అప్పుడప్పుడు ఏమీ లేని బల్లను కూడా పెడతాడు. అర గంట వెతికి ‘ఇందులో ఏం లేదు సార్’ అని చెప్పగలిగిన పిల్ల ముందుకెళ్తుంది. ప్రతి ఎత్తుకు ముందు ఎదుటివాడికి చెక్ ఇచ్చే దారి ఉందా, కొట్టే పావు ఉందా, బెదిరింపు ఉందా అని మూడూ చూసుకోవడం అలవాటైతే సగం ఓటములు ఆగుతాయి.

ఆదివారం టోర్నీలకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు గేటు బయట గంటలకొద్దీ నిలబడతారు. ఇది చిన్న త్యాగం కాదు. 2024 మార్చి నుంచి ఫిడే రేటింగ్ కనీసాన్ని 1400కు పెంచింది. అంతకన్నా తక్కువ స్థాయి ఆటకు జాబితాలో చోటు లేదు. ఉచ్చుల మీద బతికే పిల్లలు అక్కడిదాకా రావడం కష్టం. రేటింగ్ కోసం తొందర పెడితే పిల్లలు నిమిషం ఆటలకు, చవక ఉచ్చులకే మరలుతారు. బయటికొచ్చిన పిల్లను ‘గెలిచావా?’ అని అడగడం మానడం కష్టమని నాకు తెలుసు. ఆ వెంటనే ‘స్కోర్‌షీట్ ఏదీ, చూద్దాం’ అని కూడా అడగండి. మీకు చెస్ రాకపోయినా ఫర్వాలేదు. ‘నువ్వు ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించావు?’ అంటే చాలు, మిగతాది ఆ పిల్లే చెబుతుంది.

పిల్లల్ని చెస్ క్లాసులో చేర్చాలనుకునే మల్లాపూర్, నాచారం, ఉప్పల్ తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఫీజు కట్టే ముందు కోచ్‌ను లెగాల్ ఉచ్చు పెట్టి చూపించమని అడగండి. చూపించాక నల్లగుర్రాన్ని సీ6లో పెట్టి, ‘ఇప్పుడు కూడా పని చేస్తుందా సార్?’ అనండి. ఆయన ఆ గుర్రం మీద పిల్లలతో పావుగంట మాట్లాడితే అక్కడే చేర్చండి. కొట్టిపారేసి ఇంకో ఉచ్చు చూపిస్తే వేరే క్లాసు వెతకండి.